గుమ్మంలో నిమ్మకాయల బకెట్

మీరు పోయాక మీ దేహాన్ని ఏం చెయ్యాలో ఇంట్లో ఎవరికైనా చెప్పారా? చెప్పి ఉండరు. ఇంటి వాకిలి ఏ దిక్కున పెట్టాలో గంటలకొద్దీ వాదించే మనం ఈ ఒక్క మాట దగ్గర నోరు కుట్టేసుకుంటాం. జీవితమంతా ఈ మాటే ఊరూరా చెప్పిన డాక్టర్ మునిరత్నమ్మ కూడా సొంత ఇంట్లో నోరు విప్పలేదు.

పోయిన వారం తమిళనాడులోని ధర్మపురిలో ఆమె గుండె ఆగిపోయింది. ముందు రోజు సాయంత్రమే వైద్య కళాశాల మెట్ల మీద నాతో గొడవపడ్డారు. కొత్త పిల్లలకు చేతి నరాల పాఠం ఎవరు చెప్పాలన్న గొడవ. రిటైరయ్యాక కూడా ఆ పాఠం ఆమె ఎవరికీ వదల్లేదు, ఒకప్పుడు ఆమె శిష్యుణ్ణీ ఇప్పుడు అదే అనాటమీ విభాగంలో ఉపాధ్యాయుణ్ణీ అయిన నాక్కూడా. మర్నాడు ఫోన్ వచ్చినప్పుడు "గొడవ ఇంకా తేలలేదే" అన్నానట. నాకు గుర్తు లేదు.

ఆమెది ఆ పక్కనే ఏ. పళ్లిపట్టి అనే ఊరు. తాపీ పనివాళ్ల ఇల్లు. తరతరాలుగా ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. తెలుగు అక్షరాలు ఆమెకు రావు. ఇది నేను చదివి వినిపించి ఉంటే "పొగిడింది చాలు కన్నా, సంగతికి రా" అనేవారు. వస్తున్నాను.

శవపరిచ్ఛేదం గదిలో మొదటి రోజు ఎలా గడిచిందని ఆమె శిష్యుల్లో ఎవరిని అడిగినా బకెట్ కథే చెబుతారు. బిడ్డ శవం దగ్గరికి వెళుతోందంటే గాలి సోకకుండా జేబులో నిమ్మకాయ పెట్టి పంపడం మా వైపు తల్లులకు అలవాటు. డాక్టర్ కాబోయే బిడ్డకు కూడా పెడతారు! మేడమ్ గుమ్మంలో ఖాళీ బకెట్‌తో కాపు కాసేవారు.

"ఏం తంబీ, జేబు ఉబ్బింది? తియ్యి."

"అమ్మ పెట్టింది మేడమ్..."

"మీ అమ్మ మీద నాకు కోపం లేదు. నిమ్మకాయను చూసి పారిపోయే దయ్యమంటే, దానికి నువ్వెందుకు బయపడేది? వెయ్ బకెట్లో."

తరగతి అయ్యాక క్యాంటీన్‌లో అందరికీ ఆ కాయల రసమే. "మీ బయాన్ని పిండి చక్కెర వేసినాను, తాగండి. మిగిలినవి మా అమ్మ ఊరగాయకు." ఒక పిల్ల ధైర్యం చేసి, ఆత్మ ఉందా అని అడిగింది. "ఇన్నేండ్లు కోసినా నాకు దొరకలేదు. నీకు దొరికితే చెప్పు, పరీక్షలో ప్రశ్న వేస్తాను."

కానీ బల్ల మీది గుడ్డ తీసే వేళకు ఆ నవ్వు పోయేది. "ఈయనను మనం అడగలేదు. అది మరిచిపోవద్దు" అనేవారు. అప్పట్లో మా బల్లల మీదికి వచ్చినవాళ్లంతా దిక్కులేనివాళ్లే. బస్టాండు మూల చనిపోయి, ఏడవడానికి ఎవరూ రాని మనుషులు. పేదవాడి దేహం మీద చదువుకుని పెద్దవాళ్లమై, మన దేహాలకు మాత్రం పూలపల్లకీ కోరుకుంటాం. కోయడం మన వంతు, కోయించుకోవడం వాళ్ల వంతు. దీన్ని భక్తి అంటారా, సంప్రదాయం అంటారా? నేను మాత్రం అంటరానితనం అంటాను. మేడమ్ నాలా తిట్టలేదు. సంచి భుజాన వేసుకుని దేహదానం అడగడానికి ఊళ్ల మీద పడ్డారు.

హొగేనక్కల్ జలపాతం దగ్గర పరిసల్, అంటే గుండ్రటి పుట్టి, తోసే పెద్దాయన ఒకడు ఆమెను నీళ్ల మధ్యకు తీసుకెళ్లి ఆపేశాడు. "డాక్టరమ్మా, చేతులు మీరు కోసి పెట్టుకుంటే పైలోకంలో నేను పరిసల్ ఎట్ల తోసేది?"

"పైలోకంలో ఏరు ఉండాదని నీకెవురు చెప్పినారు? ఉంటే ఈసారి నువ్వు కూర్చో, వాళ్లు తోస్తారు."

ఒడ్డుకు చేరేసరికి ఆయన ఒప్పుకున్నాడు. ఇంటికి తీసుకెళ్లి భార్యాబిడ్డల ముందు ఆ మాట చెప్పించేదాకా ఆమె కదల్లేదు. "సంతకం మాకు, మాట ఇంటికి" అన్నది ఆమె పద్ధతి. ఇంటివాళ్లు వద్దంటే కళాశాల దేహాన్ని తీసుకోదు. తీసుకోకూడదు కూడా.

తన దేహానికి ఆమె ఎప్పుడో సంతకం పెట్టారు. మరి మీ ఇంట్లో చెప్పారా అని ఒకసారి అడిగాను. పెళ్లి చేసుకోని ఆమెకు తల్లి తిమ్మక్క, అన్న గోవిందప్ప, అంతే కుటుంబం. "అమ్మ ముందర నోరు రాలేదు కన్నా. పండగ పోనీ, చెప్తాను" అన్నారు. పండగ పోతే ఎవరిదో పెళ్లి. పెళ్లి పోతే మళ్లీ పండగ.

ఆమె పోయిన రోజు నేనూ విద్యార్థులూ వాళ్ల ఇంటికి వెళ్లేసరికి గోవిందప్ప తండ్రి సమాధి పక్కన గుంత తవ్వించి ఉన్నాడు. ఆమె చేతిలో ఎవరో నిమ్మకాయ పెట్టారు. ఆమె దేహదానం సంగతి మేం చెప్పగానే గోవిందప్ప లేచాడు.

"మా పాపను మీరు కోస్తారా? లోకమంతటికీ చెప్పింది, నాకు చెప్పలేదా? నాకు చెప్పుంటే ఈ గుంత ఎందుకు తవ్వించేది?"

వెనక్కి వెళ్లిపోదామని పిల్లలకు సైగ చేశాను.

అప్పుడు తిమ్మక్క పిల్లలను పిలిచింది. "ఏటేటా నిమ్మకాయలు తెచ్చేది. ఎవురివి పాపా అంటే బయపడే పిల్లోళ్లవి అనేది. అవి మీవేనా?"

"మావే అవ్వా."

"దీన్ని ఆడ పడుకోబెడితే, దీన్ని చూసి బయపడతారా మీరు?"

వెనక ఉన్న అమ్మాయి ఏడుస్తూనే చెప్పింది. "మేడమ్‌కు ఎందుకు బయపడేది అవ్వా? చేతి నరాలు తప్పు చెప్తే తిడతారని మాత్రం బయం."

ముసలామె నవ్విందో ఏడ్చిందో తెలియలేదు. కొడుకు వైపు తిరిగింది. "గుంతలో పెడితే యాడాదికొకసారి పోతాము. ఆడ దినమూ పిల్లోళ్లుంటారు. పోనీ నాయనా." కూతురి వేళ్లు విడదీసి, నిమ్మకాయ తీసి ఆ అమ్మాయి చేతిలో పెట్టింది. "రసం చేసుకోండి."

గోవిందప్ప అడ్డు చెప్పలేదు, ఔననలేదు. పార తీసుకుని వెళ్లి ఆ ఖాళీ గుంతను ఒక్కడే పూడ్చుకున్నాడు. ఎవరినీ మట్టి తాకనివ్వలేదు. ఇప్పటికీ మాతో మాట్లాడడు. ఆయన కోపంలో న్యాయముంది.

రేపు కొత్త పిల్లలు వస్తారు. గుమ్మంలో బకెట్ పెడతాం. పట్టుకునేది నేను. జేబులు చూసి నవ్వించే ఆ గొంతు నాకు లేదు, ఎవరికీ లేదు. చేతి నరాల పాఠం మాత్రం బల్ల మీద నుంచి ఆమే చెబుతారు. గొడవ ఆమే గెలిచారు.

దండలు వేయకండి, ఆమె తిడతారు. ఇవాళ అన్నానికి కూర్చున్నప్పుడు మీ అమ్మకు, మీ అన్నకు, మీ భార్యకో భర్తకో, మీరు పోయాక మీ దేహాన్ని ఏం చెయ్యాలో ముఖం చూసి మీ ఇంటి మాటలో చెప్పండి. పండగ పోనీ అనకండి. మీ తోడబుట్టినవాడి చేత ఖాళీ గుంత పూడ్పించకండి.