నడిమి మడత

చీర కొనేవాళ్ళు ముందు కొంగు చూస్తారు, తర్వాత అంచు పట్టుకుని చూస్తారు, ఆపైన బేరానికి దిగుతారు. సొన్నప్ప దగ్గర అది సాగేది కాదు. దేవనహళ్ళి చుట్టుపక్కల ఊళ్ళలో మోపెడ్ మీద మూటేసుకుని ధర్మవరం చీరలు అమ్మే మనిషాయన. ఏ ఇంటి ముందు మూట దించినా, చీర మొత్తం పరిచి మడత మడతా చూపించాకే ధర చెప్పేవాడు.

"అంచూ కొంగూ ఎవుడైనా బాగానే నేస్తాడు తల్లీ. మోసముంటే నడిమి మడతలో ఉంటాది," అనేవాడు.

సెలవుల్లో ఆ మడతలు విప్పే పని కూతురు ఆశది. విప్పడం సులువే. మళ్ళీ అదే గీత మీద మడవడానికే ప్రాణం పోయేది.

"వాళ్ళు అడగకపోతే మనకెందుకు నాయనా?" అని విసుక్కునేది.

"అడగరు కాబట్టే మనం చూపియ్యాల."

ఆశ చిక్కబళ్ళాపురంలో ఇంజనీరింగ్ చదివి, బెళ్ళందూరులో ఒక పెద్ద కంపెనీలో టెస్టర్‌గా చేరింది. ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతకడం పని. తప్పు దొరికితే రాసినవాళ్ళకు కోపం, దొరక్కపోతే మేనేజర్‌కు కోపం. పొరపాటున దొర్లే తప్పుల కంటే, ఎవడో కావాలని పన్నే మోసాలు ఆమెను ఎక్కువగా పట్టుకున్నాయి. బ్యాంకుతో పని లేకుండా ఇంటర్నెట్‌లోనే చేతులు మారే క్రిప్టో డబ్బు ఎలా కదులుతుందో, దొంగలు ఎక్కడ కాపు కాస్తారో, అన్నీ సిల్క్ బోర్డు కూడలి ట్రాఫిక్‌లో కదలని బస్సులో కూర్చుని ఫోన్‌లో చదువుకుంది. ట్రాఫిక్ లేని ఊళ్ళో పుట్టుంటే నాకింత చదువు వచ్చేది కాదు అంటుంది ఇప్పటికీ.

హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో ఆమె గదిలోనే ఉండే జ్యోతి బొమ్మలు గీసి విదేశీ కంపెనీలకు అమ్మేది. వాళ్ళు క్రిప్టోలోనే చెల్లించేవాళ్ళు. ఒక ఆదివారం ఆ డబ్బంతా తన ఇంకో ఖాతాకు పంపుకుంది. చేరలేదు.

ఆ ఖాతాల చిరునామా అంటే నలభై దాకా అక్షరాలూ అంకెలూ కలిసిన పొడుగాటి గొలుసు. ఎవరూ పూర్తిగా చదవరు. మొదటి నాలుగూ చివరి నాలుగూ సరిపోతే చాలనుకుంటారు. దొంగలకూ అది తెలుసు. ఆ రెండు కొసలూ అచ్చు గుద్దినట్టుండే చిరునామా పుట్టించి, దాన్నుంచి మనకే కాస్త చిల్లర పంపుతారు. మన పాత లావాదేవీల్లోకి అది వచ్చి చేరుతుంది. తర్వాత మన చేత్తో మనమే దాన్ని కాపీ చేసుకుంటాం. ఒకసారి పంపితే ఇక వెనక్కి రాదు.

"చూసే పంపినా కదే. ముందరా చూసినా, చివరా చూసినా," అంది జ్యోతి ఏడుస్తూ.

"నడుమ?"

"నడుమ ఎవరు చూస్తారే?"

ఆశకు నాన్న మూట గుర్తొచ్చింది. కొన్నాళ్ళకు ఉద్యోగం మానేసి, తన ప్రోగ్రాము రాయడానికి కూర్చుంది. పేరు 'మడత'. డబ్బు పంపే ముందు ఆ చిరునామాను మీరు నిజంగా ఇదివరకు పంపినవాటితో పోలుస్తుంది. కొసలు కలిసి నడుమ తేడా ఉంటే, మొత్తం విప్పి పరిచి, తేడాను ఎర్రగా చూపించి ఆపేస్తుంది.

"నెల జీతం ఇడిసిపెట్టి దొంగల ఎనకాల పోతాదంట నీ కూతురు," అని తల్లి భాగీరథమ్మ మొగుడి మీద విరుచుకుపడింది. పాత మేనేజర్ మంచివాడు, ఉగాది దాకా కుర్చీ ఖాళీగా ఉంచుతానన్నాడు. ఆలోపు ఏ కంపెనీ అయినా మడత తీసుకోకపోతే తిరిగి వెళ్తానని ఆశ అమ్మకు మాటిచ్చింది. వెళ్ళిన ప్రతిచోటా ఒకటే జవాబు: "మావాళ్ళు జాగ్రత్తగానే ఉంటారండీ."

ఉగాది ముందు వారం, మిగిలిన ఒకే ఒక్క కంపెనీ హెచ్‌ఎస్‌ఆర్‌లోది, క్రిప్టోలో చెల్లింపులు చేసేది. అక్కడ భద్రత చూసే అమరనాథ్ మదనపల్లె మనిషి. ఆమెను పరీక్షించడానికి ఒక దొంగ చిరునామా తానే తయారుచేసి పెట్టాడు. దానికి పంపబోతే మడత ఆపేసింది.

"పర్వాలేదే," అన్నాడు. "ఇప్పుడు అసలుది చూద్దాం." పాత లావాదేవీల్లోంచి తమ కంపెనీ సొంత ఖాతాదంటూ ఒక చిరునామా కాపీ చేసి పెట్టాడు. మడత మళ్ళీ ఆపింది.

అమరనాథ్ కుర్చీలో వెనక్కి వాలాడు. "ఇది మేము రోజూ పంపే అకౌంటమ్మా. ఊరికే కేకలేసే కాపలాదారు మాకెందుకు చెప్పు?"

నిజాన్ని అబద్ధమన్న ప్రోగ్రామును మళ్ళీ ఎవరూ నమ్మరు. తనదే పొరపాటేమో అని ఆశకు ఒక్క క్షణం అనిపించింది. అయినా నోరు తెరిచింది. "సార్, నడుమ ఒకసారి చదవండి."

"చదివేదేముంది," అంటూనే ఆయన తెర మీద వేలు పెట్టాడు. పక్క సీటులో పనిచేసే వరూధిని కంపెనీ రికార్డుల్లోంచి అసలు చిరునామా తీసి ఒక్కో అక్షరం పైకి చదివింది. అయిదో అక్షరం దగ్గరే వేలు ఆగిపోయింది.

"ఈ దొంగది నేను పెట్టింది కాదు," అన్నాడు.

"సాయంత్రం డబ్బు పంపబోయింది దీనికే కదా సార్," అంది వరూధిని మెల్లగా.

అమరనాథ్ లేచి, తన కుర్చీ ఆశ వైపు జరిపాడు. "కూర్చోమ్మా. మా అందరి కంప్యూటర్లలోకీ ఇది ఎక్కాల. ఎంతకిస్తావు?"

బయటికొచ్చి ఇంటికి ఫోన్ చేసింది. సొన్నప్ప ఎత్తాడు.

"నాయనా, తీసుకున్నారు."

"అంతా విప్పి చూపిస్తివా?"

"చూపించినా."

"ధర ముందే చెప్పలేదు గదా?"

"వాళ్ళే అడిగినారు."

ఆయన నవ్వు పూర్తి కాకముందే భాగీరథమ్మ ఫోన్ లాక్కుంది. "సూడు, ముందు ఆ మేనేజరప్పకు ఫోన్ చెయ్. పాపం, ఆ కుర్చీ ఇంకెవరికన్నా ఇచ్చుకోమను."