మొదటి గీత దగ్గర ఆగిపోయాను

ఒక మాట ఏళ్ల తరబడి నా గొంతులో కుళ్ళుతోంది. ఇంట్లోవాళ్ళకి కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నాను.

మార్కాపురంలో ఒక పెళ్ళిసంబంధాల ఆఫీసుకి సాఫ్ట్‌వేర్ రాసేవాణ్ణి. గిద్దలూరు, అర్ధవీడు వైపు కుటుంబాలన్నిటినీ ఒక గ్రాఫ్ డేటాబేస్‌లో పెట్టాం. మనిషికో చుక్క, ఇద్దరి మధ్య సంబంధానికో గీత. గీతలు రెండు రకాలు: అసలు చుట్టరికం ఒకటి, ఊరికే నోటి పిలుపు ఇంకొకటి. రెండు పేర్లు కొడితే వరస కలుస్తుందో లేదో చెప్పాలి.

అది నత్తనడక నడిచేది. ఊరందరికీ తెలిసిన మనిషికి గీతలు బోలెడు, అన్నీ ఒక్కొక్కటే తడుముకుంటూ పోయేది. గీతలు తక్కువున్న మనిషి వైపు నుంచి మొదలుపెట్టి, చుట్టరికం గీతలే ఇమ్మని అడగాలి. అది నాకు తెలియదా? తెలుసు. బద్ధకం. ఓనరు అరుస్తుంటే, ఇద్దరి మధ్య మొదట ఏ గీత తగిలితే దాన్నే చూపించి ఆగిపొమ్మని రాసి పారేశాను. చిటికెలో జవాబొచ్చింది. సిగ్గులేకుండా మురిసిపోయాను.

అర్ధవీడు దగ్గర పల్లె నుంచి ఒకమ్మాయి, వాళ్ళ నాయన వచ్చారు. కూలి పనులు చేసుకునేవాళ్ళు. అబ్బాయి ఆ అమ్మాయి వెళ్ళే చర్చిలోనే పాటలు నేర్పేవాడు, తల్లితో వచ్చాడు. ఇద్దరూ ఇష్టపడ్డారు. దూరపు చుట్టాలే గానీ, వరస చెప్పగల పెద్దవాళ్ళు పోయారు. పేర్లు కొట్టాను. ‘అన్న’ అని వచ్చింది.

“ఛీ! చెల్లెలి వరస పిల్లనా?” అంటూ అబ్బాయి తల్లి కొడుకు రెక్క పట్టుకుని బయటికి లాక్కుపోయింది. అమ్మాయి నా బల్ల దగ్గరికి వచ్చింది.

“చర్చిలో అందరం ఆయన్ని అన్నా అనే పిలుస్తామన్నా. ఇప్పుడు నిన్ను గూడా అన్నా అంటిని గదా. నువ్వు నాకేమైతావు?”

“కంప్యూటర్ తప్పు చెప్పదమ్మా,” అన్నాను.

ఆమె మాట అర్థం కాకనా? అప్పుడే అర్థమైంది. వాళ్ళు పోయాక గీతలన్నీ చూపించమని అడిగాను. ఇద్దరి మధ్య రెండున్నాయి. మొదటిది చర్చి పిలుపు. రెండోది ఆమె అవ్వ వైపు వాళ్ళెవరో రాయించిన చుట్టరికం, మేనబావ వరస. పెళ్ళికి అంతకంటే చక్కటి వరస మనకుందా?

బస్టాండు దగ్గరే. అర్ధవీడు బస్సు ఇంకా కదిలి ఉండదు. పరుగెత్తాల్సింది. కుర్చీలోంచి లేవకుండా, నేను రాసిన ఆ లైను చెరిపి సరైనది రాసి, ఏమీ ఎరగనట్టు కూర్చున్నాను. ఉద్యోగం పోతుందనా? అంత కూడా కాదు. ఓనరు ముందు చిన్నబోతానని. నా బతుకు మీద నాకే ఉమ్మేయాలనిపిస్తుంది.

అబ్బాయికి వేరేచోట పెళ్ళయింది. ఆమెకి ఏ సంబంధమొచ్చినా ‘అన్నని చేసుకోబోయిన పిల్ల’ అని ఎవరో ఒకరు చెవిన వేసేవారట. చర్చిలో ఆడవాళ్ళు పక్కన కూర్చోవడం మానేశారట. పని వెతుక్కుంటూ ఊరొదిలి పోయిందట. ఇదంతా వాళ్ళ నాయనే, పొదిలిలో ఒకసారి కనబడి చెప్పాడు. పైగా నన్నే ఓదార్చాడు. “నీదేముందిలే నాయనా, ఉన్నది చెప్పినావు.” అప్పుడైనా నోరు విప్పానా? ఆయన ఇప్పించిన టీ తాగి వచ్చాను.

క్షమించమని అడగను, క్షమించాల్సింది మీరు కాదు. అతను ఆమెకి అన్న కాడు, బావ. ఈ ఒక్క ముక్క రాసేసరికి ఊపిరాడుతోంది. ఆడుతున్నందుకు కూడా అసహ్యంగానే ఉంది.