పుట్టి ఎక్కించిన ఇంగ్లీషు మాట

నా చిన్నప్పుడు వేసవి సెలవులన్నీ బీచుపల్లి దగ్గర, కృష్ణ ఒడ్డున ఉన్న మా తాతయ్య ఇంట్లోనే గడిచేవి. తాతయ్య పుట్టిలో చేపలకు వెళ్లేవాడు. పొద్దున్నే ఆ గుండ్రటి పుట్టి మెల్లగా తిరుగుతూ పోతుంటే, నది మీద కాక ఎవరి నిద్రలోనో పోతున్నట్టుండేది. అందులో ఒక్కసారి కూర్చోవాలని నా ప్రాణం కొట్టుకునేది. తాతయ్యది ఒకటే మాట: ఈత రానివాళ్లకు పుట్టిలో చోటు లేదు. మనుమరాలైనా సరే.

నాది ఇంగ్లీషు మీడియం. "ఐ కెన్ స్విమ్" అని తరగతిలో అందరికంటే గట్టిగా అరిచేదాన్ని. మా బడిలో నీళ్లు కుండలో మాత్రమే ఉండేవి. ఆ ముక్కే తాతయ్యకు అప్పజెప్పాను. ఆయన, వనపర్తిలో ఇంగ్లీషు లిటరేచర్ డిగ్రీ చదువుతున్న పక్కింటి అక్క వైపు చూశాడు.

"ఏమంటున్నదమ్మా?"

"ఈత తెలుసంటున్నది తాతా."

"తెలిస్తే మంచిదే. జర నీళ్లల్ల సూపియ్యమను."

చూపించాను. కాళ్లూ చేతులూ కొట్టుకుంటూ, "సచ్చిపోతున్న అక్కా!" అని కేకలు పెట్టాను. అక్క ఒడ్డు మీంచి కదల్లేదు.

"లేసి నిలవడవే."

నిలబడ్డాను. నీళ్లు మోకాళ్ల దాకా ఉన్నాయి. నా చావు అక్కడితో వాయిదా పడింది.

అక్క నీళ్లలోకి దిగి, నన్ను వెల్లకిలా పడుకోబెట్టి, వీపు కింద అరచేయి పెట్టింది. "నీళ్లతోని గట్ల బలం పెట్టి కొట్లాడకే. నువ్వన్న కెన్‌కు పాతకాలపు ఇంగ్లీషుల 'తెలుసు' అనే అర్థం. బలమున్నదని చెప్పేటందుకు ఇంకో మాట ఉండె, మే అని."

ఆ మాటతోనే, "మే ఐ గో సార్" అంటూ, మేము బాత్రూముకు పోనిమ్మని సారును అడుక్కుంటామని చెప్పాను.

"సూడు మరి, బలం గతి ఏమైందో," అంది. "భుజాలు వదిలెయ్."

వదిలేశాను. చెవులు నీళ్లలో మునిగాయి. లోకం మాటలన్నీ ఆగిపోయి, ఎక్కడో గులకరాళ్లు దొర్లే చప్పుడొక్కటే మిగిలింది. పైన ఆకాశం, కింద అక్క అరచేయి. సినిమాల్లోలా అక్క దాన్ని చెప్పకుండా తీసేయలేదు. "చెయ్యి తీస్తున్న" అని చెప్పే తీసింది. అయినా తేలాను.

సెలవులు అయిపోయేలోపు ఒడ్డు వెంట ఈదడం వచ్చింది. తాతయ్య మెచ్చుకోలేదు. ఒక పొద్దున వల పక్కకు జరిపి, పుట్టిలో చోటు చేశాడు.

ఇప్పటికీ ఎవరైనా కొత్త పని తెచ్చి చేయగలవా అని అడిగితే, ముందు నా భుజాలు బిగుసుకుంటాయి. వాటిని వదులు చేసుకుని, "రాదు, చూపించండి" అంటాను. అడిగినవాళ్లే కాస్త కంగారుపడతారు.