పంపు కింద ఎర్రటి చుక్క

"గుంటూరు పోయి క్లచ్ ప్లేటు తెస్తాను. ఈలోగా ఆ జీపు మీద చెయ్యి వెయ్యబాకు" అన్నాడు మా ఆయన.

"నాకేం పని, వెయ్యన్లే. నువ్వు బస్సెక్కు" అన్నాను.

మేమిద్దరం మాట్లాడుకున్న ఆఖరి మాటలు అవే. గుంటూరు బస్టాండులో దిగుతూనే గుండె పట్టుకుని కూలిపోయాడంట. అది ఎనభై నాలుగో సంవత్సరం, చలి వెనకబట్టే రోజులు. పర్చూరు నుంచి ఇంకొల్లు పోయే రోడ్డు పక్కన మా రేకుల షెడ్డు ఉండేది. ఆయన కారు మెకానిక్కు. నేను పదకొండేళ్ళు ఆయన పక్కన ఉండి పని అందించినదాన్ని.

అందించడమంటే ఏమిటో చెప్పాలి. విప్పిన సామాన్లు కిరసనాయిల్లో కడిగేదాన్ని. గ్యాస్కెట్లు కోసేదాన్ని. గ్యాస్కెట్ అంటే రెండు ఇనప ముక్కల నడుమ నీళ్ళు కారకుండా పెట్టే అట్ట. ఆ ఇనుము మీద అట్ట పరిచి, చిన్న సుత్తితో అంచుల వెంట టకటకా కొడితే అచ్చు అదే ఆకారంలో తెగుతుంది. స్పానర్ల మీది అంకెలు నాకు చదవరావు. చేతిలోకి తీసుకుంటే మాత్రం ఏది అరంగుళందో, ఏది అంతకన్నా నూలుపోగంత పెద్దదో తెలుస్తుంది.

ఆయన పోయాక మూడు నెలలు షెడ్డుకి ఒక్క బండీ రాలేదు. జీపు వాళ్ళు కూడా తాడు కట్టి లాక్కుపోయారు. మా మరిది రాఘవులు వచ్చి గడప మీద కూర్చున్నాడు.

"వదినా, ఆడమనిషి బండి కింద దూరితే ఎవడన్నా తెస్తాడా? శుక్రవారం ట్రాక్టరు తెస్తా. సామాన్లన్నీ పేట టౌన్లో అమ్మేద్దాం."

"మరి నేనేం చెయ్యను?"

"మిరపకాయ కోతలకి ఊరంతా పోతంది. నువ్వూ పో."

వాడు చెడ్డవాడు కాదు. కోతలకి పోవడం నాకు నామోషీ కాదు. కానీ నాకు చేతనైన పని ఒకటుంది, అది ఆ ట్రాక్టరెక్కి పోతుంది. ఆ దిగులుతో రాత్రిళ్ళు నిద్ర పట్టేది కాదు.

మంగళవారం పొద్దున సూర్యనారాయణ గారు వచ్చారు. ఆయనది ఇంకొల్లు. సొంత అంబాసిడర్ని టాక్సీకి తిప్పుకునే మనిషి. ఆకూ వక్కా నములుతూ బండి దిగారు. ముందు బానెట్ సందుల్లోంచి ఆవిరి వస్తా ఉంది.

"అమ్మా, నీళ్ళు నిలవడంలేదు. అయిదు మైళ్ళకొకసారి బిందెడు పొయ్యాల్సొస్తంది."

"ఆయన లేడు గదండీ" అన్నాను.

"తెలుసు. ఆయన వంగి చూస్తంటే వెనకనించి ఫలానాది పోయిందని చెప్పేది ఎవరు? నేను చెవులారా విన్నాను. చూడు."

కొంగు బిగించి బానెట్ ఎత్తాను.

రేడియేటర్ వెనకంతా తడి. రేడియేటర్ అంటే ఇంజను వేడినీళ్ళు చల్లారే సన్నగొట్టాల పెట్టె. అప్పటికే ఇద్దరు మెకానిక్కులు రేడియేటరే కారుతుందని విప్పి టంకం పెట్టారంట. మళ్ళీ కారింది. మూడో చోట ఎవరో పసుపు పొయ్యమన్నారు. మా వైపు డ్రైవర్లకి అదొక అలవాటు. రేడియేటర్ కారితే గుప్పెడు పసుపు నీళ్ళలో కలిపి పోస్తారు, అది చిల్లికి అడ్డంపడి ఆపుతుంది. దుగ్గిరాల పసుపు అరవీశ పోశానని ఆయనే చెప్పారు.

"గుప్పెడు పొయ్యమంటే అరవీశ పోస్తారా?" అన్నాను.

"ఎక్కువ పోస్తే గట్టిగా పట్టుద్దనుకున్నా."

నాకు నవ్వొచ్చింది. మూడు నెలల్లో అదే మొదటిసారి.

ఇంజను తిరిగేటప్పుడు ఫ్యాను కూడా తిరుగుతుంది. నీళ్ళు ఎక్కడ కారినా ఫ్యాను వాటిని చిమ్మి నాలుగు పక్కలా చల్లుతుంది. తడిసిన చోటల్లా కారే చోటు కాదు. అందుకని ముందు ఫ్యాను బెల్టు ఊడదీశాను. గుడ్డతో అంతా పొడిగా తుడిచాను. నీళ్ళు నిండా పోసి నిమిషంసేపు ఇంజను ఆడించి ఆపమన్నాను. ఫ్యాను కదలలేదు. రేడియేటర్ వెనక చుక్క తడి లేదు.

అప్పుడు నాకు ఆయన నోట్లో ఆకు కనపడింది.

"మీ సున్నం డబ్బా ఒకసారి ఇస్తారా?"

ఆయన అనుమానంగా చూసి జేబులోంచి తీసిచ్చారు. వేలితో సున్నం తీసి అనుమానమున్న చోటల్లా పల్చగా రాశాను. గొట్టాల మూతుల దగ్గర రాశాను. వాటర్ పంపు కింద రాశాను. ఫ్యాను వెనక ఉండి ఇంజనులో నీళ్ళు తిప్పేదే ఆ పంపు. పసుపు నీళ్ళు సున్నానికి తగిలితే ఎర్రబడతాయని ఏ ఆడదానికైనా తెలుసు, పారాణి కలిపిన చేతులు గదా.

కాసేపటికి పంపు పొట్ట కింద ఒక ఎర్రటి చుక్క లేచింది. గోరంత. ఇంకెక్కడా లేదు.

పంపు కింద చిన్న బెజ్జం ఒకటి ఉంటుంది. పంపు లోపల నీళ్ళని ఆపే సీలు అరిగితే, ఆ నీళ్ళు బేరింగులోకి పోకుండా బెజ్జంలోంచి బయటికొస్తాయి. అంటే అది సీలు పోయిందని చెప్పే నోరు. ఫ్యాను రెక్క పట్టుకుని పైకీ కిందికీ ఊపాను. టిక్కుటిక్కుమని ఆడింది. బేరింగు కూడా పోయింది.

"పంపండీ. రేడియేటర్ కాదు" అన్నాను.

ఆయన వెంటనే బస్సెక్కి పేట పోయి సీలు, బేరింగు కిట్టు తెచ్చారు. నేను పంపు విప్పి, పాత ఇరుసు కొట్టి బయటికి తీశాను. సీలు వంకర పోకుండా దిగడమే ఇందులో కష్టం. దాని చుట్టుకొలతకి సరిపోయే గొట్టం ముక్క పైన పెట్టి నెమ్మదిగా కొట్టుకుంటూ దించాలి. గ్యాస్కెట్ కోసి గ్రీజు రాసి బిగించాను. బెల్టు వేశాను. ఫ్యాను ఊపితే కదల్లేదు. ఇంజను ఆడిస్తే చుక్క రాలేదు.

ఇద్దరం ట్రయలుకి బయల్దేరాం. రోడ్డు పక్క కళ్ళాల్లో మిరపకాయలు ఎర్రగా ఆరబోసి ఉన్నాయి. ఘాటుకి ఇద్దరికీ తుమ్ములు. నాకు మాత్రం అది కూడా బాగుంది. నాలుగు మైళ్ళు పోయామో లేదో, ఇంజను వేడి చూపించే ముల్లు ఎర్రగీత దాటింది. బానెట్లోంచి మళ్ళీ ఆవిరి.

రోడ్డు పక్కన ఆపాం. సరిగ్గా అప్పుడే రాఘవులు సైకిల్ మీద అటు వచ్చాడు.

"అయిందా వదినా? నే చెప్పలా? ఇప్పుడీ పెద్దాయన బండి చెడగొట్టావని కూడా అంటారు."

పంపు తప్పు చెప్పానా? ఎర్రటి చుక్క నా కళ్ళతో చూశాను గదా? సూర్యనారాయణ గారు తిడతారని తల వంచుకుని నిలబడ్డాను. ఆయన నెమ్మదిగా వెళ్ళి మైలురాయి మీద కూర్చున్నారు. ఆకుకి సున్నం రాసుకున్నారు.

"రాఘవులూ, నువ్వు పో నాయనా. ఆమెకి వెలుగుకి అడ్డమొస్తన్నావు." తర్వాత నావైపు చూసి, "మళ్ళీ చూడమ్మా" అన్నారు.

అంతే అన్నారు. ఎందుకిట్లా అయిందని అడగలేదు. ఇంకో షెడ్డుకి తీసుకుపోతానని అనలేదు.

మళ్ళీ చూశాను. పంపు కింద పొడిగానే ఉంది. నీళ్ళు పోవడంలేదు, అయినా కాగుతున్నాయి. అంటే నీళ్ళు ఉన్నా తిరగడంలేదు. ఇంజను ఆపించి రేడియేటర్ ముందువైపు అరచెయ్యి పెట్టి పైనించి కిందికి జరిపాను. పైన చెయ్యి పెట్టలేనంత వేడి. కింద సగం చల్లగా ఉంది. లోపల సన్నగొట్టాలు పూడిపోయాయి. ఏముంది, ఆ అరవీశ పసుపే. ఉడికి ముద్దయి కూర్చుంది. అది ఉన్నదని పొద్దున్నే విన్నాను. దాంతో చుక్క కూడా పట్టుకున్నాను. అయినా అది లోపల ఏం చేసి ఉంటుందో ఆలోచించలేదు. ఒక తప్పు దొరికిన సంతోషంలో రెండోది వెతకలేదు.

బండి చల్లారనిచ్చి, నీళ్ళు పోసుకుంటూ, ఆగుతూ ఆగుతూ పక్క చేలో ఆయిలింజను ఆడేచోటికి చేరాం. పత్తి చేనుకి నీళ్ళు కట్టే రైతుని అడిగితే గొట్టం ఇచ్చాడు. రేడియేటర్ విప్పి తలకిందులు చేసి, కింది మూతినించి నీళ్ళు ఎక్కించాను. ముందు ఏమీ రాలేదు. ఆనక గబుక్కున పచ్చటి ముద్దలు. ఆ కాలవంతా పచ్చగా పారింది. "నా పత్తికి పసుపు నీళ్ళా, ఇంక పేరంటానికి పిలవాల" అన్నాడు ఆ రైతు. నీళ్ళు తేటగా వచ్చేదాకా పెట్టి, మళ్ళీ బిగించాను.

ఆ సాయంత్రం సూర్యనారాయణ గారు చీరాల దాకా పోయి, ముల్లు సగం దాటలేదని నాతో చెప్పడానికే తిరిగొచ్చారు. గురువారానికి ఆయన పంపిన రెండు టాక్సీలు షెడ్డు ముందున్నాయి. శుక్రవారం రాఘవులు ట్రాక్టరు తెచ్చి, ఆ బళ్ళ వెనక ఆగి, కిందికి దిగాడు. "వదినా, దీని హారన్ మోగడంలేదు, చూడు" అన్నాడు.

ఆ తర్వాత ఇరవై రెండేళ్ళు ఆ షెడ్డు నడిపాను. ఎన్ని పంపులు దించానో లెక్కలేదు. బండి బాగయిందనుకున్నాక ఇంకొకసారి చెయ్యిపెట్టి చూడటం ఆ రోజే నేర్చుకున్నాను. పని చేతనైనవాళ్ళు చాలామందే ఉంటారు. తప్పు చేసిన చోట నిలబెట్టి, మళ్ళీ చూడమనే మనిషి దొరకడమే కష్టం. నాకు దొరికారు. ఆయనకి ఆ రోజు ఈ సంగతి చెప్పలేకపోయాను. ఇప్పుడు ఆయన లేరు.

అమ్మాయ్ నిర్మలా, మా చెల్లెలి కూతురివని నీకు చెబుతున్నా, ఇంతసేపు ఓపిగ్గా రాశావు. ఆయన పేరు వచ్చిన ప్రతిచోటా గారు అని పెట్టావా? ఏదీ, మొదట్నించీ ఒకసారి చదువు, వింటాను.