వేళ్లమ్మ

పరిశోధనశాల గాజుగదిలో మొక్కల వేళ్లు కడగడం ఆమె పని. ఇరవై ఏళ్లుగా అక్కడ అందరికీ ఆమె వేళ్లమ్మే. పళ్లెంలో గోరువెచ్చని నీళ్లు పోసి, పసిపిల్ల జుట్టు చిక్కు తీసినట్టు, ఒక్క పోగు తెగకుండా మట్టి వదిలిస్తుంది. ఆ రోజు పెద్ద సైంటిస్టు, కుండీల మట్టిలో కంటికి ఆనని జింకు నానో రేణువులు కలిపి పెంచిన టమాటా మొక్కలను చూసి మురిసిపోతున్నాడు. "ఆకులు ఎలా నిగనిగలాడుతున్నాయో! ఈ మందు రైతులకు ఇచ్చేయొచ్చని రేపే రాసేస్తాను" అన్నాడు. "ఆగండి సార్, ఆకు చూసి మోసపోకండి" అంటూ ఆమె వేళ్లు కడిగిన రెండు మొక్కలు తెచ్చి అతని అరచేతిలో పెట్టింది. మందు వేయని మొక్క వేళ్లు తెల్లగా, నూగునూగుగా ఉన్నాయి. వేసినదాని వేళ్లు పొట్టిగా, గోధుమరంగుకు తిరిగి, మొద్దుబారి ఉన్నాయి. అతను ముఖం చిట్లించాడు గానీ పరీక్ష చేయించాడు. రేణువుల వల్ల వేరు కణాల్లో హానిచేసే ఆక్సిజన్ రూపాలు పెరిగిపోయి, వాటిని లోలోపలే పాడుచేస్తున్నాయని తేలింది. "మీరు చెప్పకపోతే రైతుల కొంప ముంచేవాణ్ణమ్మా" అన్నాడు. ఆమె పొంగిపోలేదు. చేతులు తుడుచుకుంటూ, "అది సరే సార్, ఆ మందు కలిసిన కుండీల మట్టి ఎక్కడ పారబోయిస్తారు?" అని అడిగింది. ఆ సంగతి అంతవరకూ ఎవరికీ తట్టలేదు.