అడగకుండా చెప్పిన జవాబు

నిజాం రాజ్యం మీద పోలీసు చర్య జరిగి ఏడాది దాటింది. మౌలాలి రైల్వే క్వార్టర్లలో మా పక్కింటావిడ రొట్టెలు చేయడం మానేసింది. ఆవిడ పొయ్యి ముందు పీట మీద కూర్చోలేకపోతోందని కనిపెట్టింది మా అమ్మే. ఆవిడను నేను ఖాలా అని పిలిచేదాన్ని, అమ్మకు చెల్లెలి వరస. యాభై ఏళ్లుంటాయి. రెండేళ్ల కింద రక్తస్రావం ఆగకపోతే గర్భసంచి తీశారు.

"తీసేసినంక ఇంక జారేటందుకు ఏమున్నది అక్కా? అయినా కోడిగుడ్డంత బయటికొస్తున్నది" అని అమ్మతో చెప్పుకుని ఏడ్చింది. నమాజులో నేల మీదికి వంగితే మూత్రం చుక్కలు పడుతున్నాయట. ప్రతిసారీ లేచి, చేతులూ కాళ్లూ కడుక్కుని, మళ్లీ మొదటి నుంచి మొదలుపెడుతోందట.

సికింద్రాబాద్ ఆస్పత్రిలో డాక్టరమ్మ మద్రాసు వైపు మనిషి, తెలుగూ ఉర్దూ రావు. మా క్వార్టర్ల వరసలో ఇంగ్లీషు చదివిన ఆడపిల్లను నేనొక్కదాన్నే కనుక నన్ను తోడు పంపారు. నాకప్పటికి ఇరవై ఏళ్లు, పెళ్లి కాలేదు.

పరీక్ష చేశాక డాక్టరమ్మ చీటీ వెనక బొమ్మ గీసింది. గర్భసంచి తీశాక లోపల మిగిలిన దారికి పైకొస కుట్టేసి ఉంటుంది. దాన్ని పట్టి ఉంచేవి వదులైతే, మేజోడు తిరగబడ్డట్టు అది కిందికి దిగుతుంది. రబ్బరు రింగు పెట్టి చూడొచ్చు, కానీ ఎప్పటికప్పుడు వచ్చి మార్పించుకోవాలి. ఆపరేషనే కావాలంటే ఒకటి కింది నుంచి గోడలు బిగించి కుట్టడం. రెండోది పొట్ట కోసి ఆ కొసను పైకి లాగి కట్టడం. అన్నిటికన్నా తేలికైంది దారినే మూసేయడం. నేను వింటూ తల ఊపాను. ఖాలాకు ఇంకా ఏమీ చెప్పలేదు.

"ఈమె భర్తతో కలిసి ఉంటుందా?" అని డాక్టరమ్మ అడిగింది.

నా చెవులు వేడెక్కాయి. ఆ మాట ఖాలాను ఏ నోటితో అడగను? మా వరసలో మనవడు పుడితే తాత మంచం వసారాలో పడుతుంది. ఇక అంతే అని అందరికీ తెలుసు. ఖాలాకు మనవడున్నాడు, వాళ్ల వసారాలో ఆవిడ భర్త ఖాలూ మంచం రోజూ చూస్తున్నదే.

"లేదు" అన్నాను. డాక్టరమ్మ మూసేసే ఆపరేషన్ రాసింది.

రిక్షాలో ఖాలా అడిగింది. "ఏందే బిడ్డా, నా దిక్కు సూడకుంటనే ఏదో చెప్పినవ్?"

దాచలేక చెప్పేశాను. రైల్వే గేటు పడింది, గూడ్సు బండి నెమ్మదిగా పోతోంది.

"ఆ మంచం ఎందుకేసినమో ఎరికేనా నీకు?"

"మనవడు పుట్టిండని..."

"వాడు పుట్టకముందే వేసినం. మిలిట్రీ వచ్చిన దినాల్ల ఎవరన్న తలుపు కొడితే ముందుగాల తనే ఎదురుపడాలె అన్నడు మీ ఖాలూ. చేతిల ఏమున్నది? లాంతరు! భయం పోయినంక లోపలికి తెచ్చుకుందం అనుకున్నం. గింతల నాకీ తక్లీఫ్ షురూ అయింది. సిగ్గయి నేనే వద్దన్న."

బండి పోయింది. ఆవిడ నా చేయి పట్టుకుంది. "యాభై ఏండ్లొస్తే ఆడదాని లెక్క అయిపోయినట్టేనా?"

"తప్పయింది ఖాలా."

"తప్పయితే వాపస్ తీసుకో. రిక్షా మలపమను."

"గేటు లేసినంక మలపమంటరు, జెర ముందు చెప్పొద్దా అమ్మా" అని రిక్షా అతను గొణిగాడు.

"నువ్వు సుత ఈ పిల్ల లెక్కనే, అడగకుంటనే పోతున్నవ్. మలుపు" అంది ఖాలా.

డాక్టరమ్మ నన్ను తిట్టలేదు. రాసింది కొట్టేసి కుర్చీ చూపించింది. ఈసారి ఒక్కో మాటా ఖాలాకు చెప్పి, ఆవిడ అన్నది డాక్టరమ్మకు చెప్పాను. ఏది ఎక్కువ రోజులు ఆగుతుందని ఖాలా అడిగింది. పైకి కట్టింది గట్టిగా ఉండొచ్చు కానీ కోత పెద్దది, లేవడానికి చాలా రోజులు పడుతుంది. కింది నుంచి కుడితే తొందరగా కోలుకుంటారు, కొందరికి మళ్లీ జారుతుంది. దేనికీ హామీ ఇవ్వలేనంది డాక్టరమ్మ.

"పొట్ట ఒకసారి కోసిండ్రు, చాలు. కిందికెంచే కుట్టమను. మళ్ల జారితే మళ్ల సూద్దం" అంది ఖాలా. తర్వాత నా చెవిలో, "దారి ఉంచాలె. బిగించేటప్పుడు జెర గుర్తు పెట్టుకోమను" అంది. తల వంచుకుని అదీ చెప్పాను. డాక్టరమ్మ నవ్వి రాసుకుంది.

తర్వాత పత్రికలో చాలా ఏళ్లు పనిచేశాను. అడగకుండా ఎవరి తరఫునా జవాబు రాయొద్దని కొత్తగా చేరినవాళ్లకు చెప్పేదాన్ని. అది ఎక్కడ నేర్చుకున్నానో మాత్రం చెప్పలేదు.

ఆపరేషనైన నాలుగో నెలలో ఖాలా మళ్లీ రొట్టెలు చేసింది. నాలుగు రొట్టెలు తీసుకుపొమ్మని పిలిస్తే వెళ్లాను. వసారాలో మంచం లేదు. మంచం కోళ్లు ఆనిన చోట నేల మీద నాలుగు గుంటలు మిగిలాయి. వాటి మీద చాప పరిచి ఆవిడ ఎర్ర మిరపకాయలు ఆరబోస్తోంది.

"ఇన్నొద్దులు జాగనే లేకుండె, ఇప్పుడు సూడు" అంది, నా వైపు చూడకుండా.