కొత్త పీక

ఏలూరు నుంచి పని మీద బెంగళూరు వెళ్లినప్పుడు, మడివాళలో కొయ్యతో వేపరైజర్లు చేసే ముసలి వడ్రంగిని కలిశాను. లోపల వేడెక్కిన గాలి ఎండు తులసి మీదుగా పోయి దాని ఆవిరిని తెస్తుంది, పొగ ఉండదు. సిగరెట్ మానేసి నెలైంది, అందుకే వెళ్లాను.

ఆయన ఒక వేపరైజర్‌ను ఒకసారి పీల్చి నాకిచ్చాడు. ఎంగిలని, చెంబుతో నీళ్లు తాగినట్టు, నోట్లో పెట్టుకునే కొయ్య పీకను పెదాలకు తగలకుండా ఎత్తిపట్టి పీల్చాను. ఏమీ రాలేదు.

"గాలి బాగనే ఉండాదే! ఇంగోసారి లాగప్పా" అంటూ నా మూతి చూశాడు. ఆయనకు అర్థమైపోయింది. ఆ పీక ఊడదీసి జేబులో వేసుకుని, లేత్ మీద కొత్తది చేసి బిగించాడు.

"దీన్ని ఎవురూ నోట్లో పెట్టలేదప్పా."

ఈసారి తులసి గొంతులోకి దిగింది. సిగ్గేసి, తుడవకుండానే ఆయనకు అందించాను.

ఆయన జేబులోంచి తన పీక తీసి మార్చుకున్నాడు.

"నీ ఎంగిలి నాకెందుకప్పా!"